షెరీఫ్ అంటే ఎవరు? లాస్ ఏంజలెస్‌లో 26 ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్న ఓ పాతకాపు మనవడి కథ

లాస్ ఏంజలెస్ పక్కన ఆర్టీసియా అని ఓ చిన్న ఊరుంది. పయనీర్ బులెవార్డ్ వెంట చీరల షాపులు, నగల కొట్లు, స్వీట్ షాపులు, దోసెల హోటళ్లు వరసగా కనిపిస్తాయి. లిటిల్ ఇండియా అంటారు దాన్ని. అక్కడ పార్కింగ్ దగ్గర గొడవై ఎవరైనా 911కి ఫోన్ చేస్తే వచ్చే కారు మీద ఆర్టీసియా పోలీస్ అని రాసి ఉండదు, లాస్ ఏంజలెస్ కౌంటీ షెరీఫ్ అని ఉంటుంది. అందులోంచి దిగేది లేత ఖాకీ చొక్కా, ఆకుపచ్చ ప్యాంటు వేసుకున్న డెప్యుటీ, అంటే షెరీఫ్ కింద పనిచేసే అధికారి. ఆ ఊరికి సొంత మేయర్ ఉన్నారు, సొంత కౌన్సిల్ ఉంది. సొంత పోలీసులు మాత్రం లేరు.

ఎందుకు లేరో తెలియాలంటే 1954కి వెళ్లాలి. అప్పట్లో ఆ కౌంటీ షెరీఫ్ యూజీన్ బిస్కైలూజ్. అమెరికా జెండా ఎగరకముందే, అంటే స్పెయిన్ ఏలుబడిలోనే అక్కడ స్థిరపడిన కుటుంబంలో పుట్టినవాడు. 1932 డిసెంబర్‌లో ఆ పదవిలోకి వచ్చి 1958 దాకా కదల్లేదు.

ఇప్పుడు ఆయన గురించి ఎందుకంటే, అమెరికాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య షెరీఫ్ మాట తెగ వినిపిస్తోంది. ఇమిగ్రేషన్ అధికారులకు ఫలానా కౌంటీ షెరీఫ్ సహకరిస్తాడట, ఫలానా ఆయన కుదరదన్నాడట అని. వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు: "అదేంటి, పైనుంచి ఆర్డరొస్తే పోలీసాయన వినడా?" అడగాల్సిన ప్రశ్నే. మన బుర్రలో ఉన్న పోలీసు చట్రంలో షెరీఫ్ ఇమడడు, చిక్కంతా అక్కడే. బిస్కైలూజ్ జీవితం వెంట నడిస్తే ఆ చట్రం ఎక్కడెక్కడ సరిపోదో తెలుస్తుంది.

ఎస్పీతో పోలిస్తే ఎక్కడ తేడా వస్తుంది

కౌంటీ అంటే దాదాపు మన జిల్లా. అయితే అక్కడ కలెక్టర్ ఉండడు. ఓటర్లు ఎన్నుకున్న బోర్డు ఒకటి కౌంటీని నడుపుతుంది. లాస్ ఏంజలెస్ కౌంటీలో ఆ బోర్డులో ఐదుగురే సూపర్‌వైజర్లు. జనాభా దాదాపు కోటి, కౌంటీ లోపలి నగరాలు 88. లాస్ ఏంజలెస్ నగరం ఆ 88లో ఒకటి.

నగరానికి పోలీస్ చీఫ్ ఉంటాడు. ఆయన్ను నియమించేది నగర పాలకులు, నచ్చకపోతే తీసేసేదీ వాళ్లే. షెరీఫ్‌ను మాత్రం కౌంటీ జనమే నేరుగా ఓటేసి గెలిపిస్తారు, చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్లకోసారి. కాబట్టి ఆయనకు ట్రాన్స్‌ఫర్ అనేది ఉండదు. మన ఎస్పీని హోం శాఖ రాత్రికి రాత్రి బదిలీ చేయగలదు. షెరీఫ్‌ను చాలా రాష్ట్రాల్లో గవర్నరైనా అలా కదిలించలేడు.

పనులూ వేరే. కౌంటీ జైలు నడిపేది షెరీఫ్. కోర్టుకు కాపలా, సమన్లు అందించడం, ఇల్లు ఖాళీ చేయించాలని కోర్టు చెబితే వెళ్లి ఖాళీ చేయించడం ఆయన మనుషుల బాధ్యతే. ఏ నగరంలోనూ కలవని ప్రాంతాల్లో గస్తీ కూడా వాళ్లదే. మన దగ్గర పోలీస్ శాఖ, జైళ్ల శాఖ, కోర్టు అమీనా పంచుకునే పని అక్కడ ఒకే ఆఫీసు నుంచి నడుస్తుంది. ఊళ్లో పోలీసు, జిల్లా జైలు సూపరింటెండెంట్, కోర్టు అమీనా ముగ్గురినీ కలిపి ఒక్కరిగా చేసి, ఆయన్ను ఎమ్మెల్యేలా ఎన్నికలకు నిలబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదీ షెరీఫ్.

పేరు ఇంగ్లాండ్‌ది. షైర్ అంటే అక్కడి జిల్లా, రీవ్ అంటే రాజు తరఫు పెత్తందారు. ఆ రెండూ కలిసి నలిగి షెరీఫ్ అయింది. బ్రిటిష్‌వాళ్లు ఇదే పదవిని మద్రాసు, బొంబాయి, కలకత్తాలకూ తెచ్చారు. ఇక్కడది చివరికి అలంకారంగా మిగిలింది. దిలీప్ కుమార్ 1980లో బొంబాయి షెరీఫ్‌గా ఉన్నారంటే ఆయన దొంగల్ని పట్టుకున్నారని కాదు! పెద్దమనిషి హోదా, అతిథులకు స్వాగతాలు, అంతే. అమెరికాలో అదే పేరు తుపాకీతో, తాళంచెవులతో, బ్యాలెట్ పెట్టెతో సహా బతికింది.

పాతకాపులు అన్నప్పుడు ఎవరికంటే పాత?

బిస్కైలూజ్ 1883 మార్చి 12న లాస్ ఏంజలెస్‌లోని బాయిల్ హైట్స్‌లో పుట్టాడు. అప్పటికి మూడేళ్ల ముందు తీసిన జనాభా లెక్కల్లో నగరం మొత్తం మీద తేలింది 11 వేల చిల్లర మంది. తండ్రి లాయరు, బాస్క్ వంశం. బాస్క్‌లంటే ఫ్రాన్సు, స్పెయిన్ సరిహద్దు కొండల జనం, కాలిఫోర్నియాలో గొర్రెల పెంపకానికి పేరుపడ్డవాళ్లు. తల్లి వైపు అమ్మమ్మది లోపెజ్ కుటుంబం, స్పెయిన్ కాలం నుంచి అక్కడున్నవాళ్లు. బాయిల్ హైట్స్‌కు ఆ పేరు రాకముందు దాన్ని పరెడోన్ బ్లాంకో అనేవారు, తెల్ల గట్టు అని అర్థం. ఆ నేల లోపెజ్‌లదే.

పాతకాపులు అనే మాటను కాస్త జాగ్రత్తగా వాడాలి. లాస్ ఏంజలెస్‌ను 1781లో 44 మంది వలసదారులు స్థాపించారు, వాళ్లలో ఎక్కువమందిలో ఆఫ్రికన్ రక్తమో అమెరికన్ ఇండియన్, అంటే అక్కడి ఆదివాసుల రక్తమో ఉంది. వాళ్లు రాకముందే అక్కడ టోంగ్వా జనం ఊళ్లు ఉన్నాయి. 1821లో ఆ నేల మెక్సికో చేతికి, 1848లో ఒప్పందంతో అమెరికా చేతికి వెళ్లింది. అమెరికా వచ్చేనాటికి అక్కడ స్థిరపడి ఉన్న స్పానిష్ మాట్లాడే కుటుంబాల వాళ్లను కాలిఫోర్నియోలు అంటారు. ఊళ్లోనే ఉంటూ మూడు జెండాలు చూసినవాళ్లు.

1850లో కౌంటీ ఏర్పడింది, అదే ఏడు మొదటి షెరీఫ్ ఎన్నికయ్యాడు. పదవి పేరు ఇంగ్లిష్‌వాళ్లది, ఓటర్లలో చాలామంది స్పానిష్ మాట్లాడేవాళ్లు. అందుకే 1860 నుంచి 1867 వరకు తొమాస్ సాంచెజ్ అనే కాలిఫోర్నియో ఆ కుర్చీలో ఉన్నాడు. బయటి నుంచి వచ్చిన అధికారం ఊళ్లో నిలదొక్కుకోవాలంటే ఊరి కుటుంబాల భుజం కావాలి. బిస్కైలూజ్ ఇంట్లో ఈ రెండు పాయలూ కలిశాయి. లోపెజ్‌ల ఆడపడుచును పెళ్లి చేసుకున్న ఆయన తాత విలియం వారెన్ అమెరికా తరఫు నగర మార్షల్.

రివార్డు డబ్బు దగ్గర తాత పోయాడు

మార్షల్ అంటే ఆనాటి నగర పోలీసు పెద్ద. వారెన్ 1870లో కాల్పుల్లో చనిపోయాడు. కాల్చింది దొంగ కాదు, ఆయన కింద పనిచేసే జోసెఫ్ డై అనే ఆఫీసరే. ఓ చైనా యువతిని పట్టి తెచ్చినందుకు వచ్చే రివార్డు ఎవరికి చెందాలన్న తగాదా ముదిరి, నడివీధిలో ఇద్దరూ తుపాకులు తీశారు.

ఇదేదో సినిమా సీన్‌లా ఉంది గానీ, దీని వెనక ఉన్నది జీతాల లెక్క. ఆ రోజుల్లో అక్కడి పోలీసు పని చాలావరకు ఫీజుల మీద, రివార్డుల మీద నడిచేది. షెరీఫులే పన్నులూ వసూలు చేసేవారు, అందులో వాళ్లకు వాటా ఉండేది. కుర్చీ అంటే ఆదాయం. 1912లో ఓటర్లు ఒప్పుకున్న కౌంటీ చార్టర్ (కౌంటీ పాలన నియమావళి) సివిల్ సర్వీస్ పద్ధతి తెచ్చాక డెప్యుటీ ఉద్యోగాలు పరీక్షలు, నియమాల కిందికి వచ్చాయి. పైనున్న షెరీఫ్ మాత్రం ఎన్నికైన మనిషిగానే మిగిలాడు. కింద ఉద్యోగులు, పైన రాజకీయ నాయకుడు: ఈ అతుకు ఇవాళ్టికీ అలాగే ఉంది.

మనవడు 1907లో అదే షెరీఫ్ ఆఫీసులో చేరాడు. స్పానిష్ ధారాళంగా వచ్చు, ఊళ్లో పాత కుటుంబాలన్నీ తెలుసు. మెల్లగా అండర్‌షెరీఫ్, అంటే షెరీఫ్ తర్వాతి మనిషి అయ్యాడు.

జైలు తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే

1922లో క్లారా ఫిలిప్స్ అనే ఆమె ఓ యువతిని సుత్తితో కొట్టి చంపింది. శిక్ష పడ్డాక కౌంటీ జైలు కిటికీ ఊచలు కోసుకుని పారిపోయింది. చివరికి మధ్య అమెరికాలోని హోండురాస్‌లో దొరికింది. 1923లో ఆమెను వెనక్కి తీసుకురావడానికి వెళ్లింది అండర్‌షెరీఫ్ బిస్కైలూజే. నగరంలో జరిగే నేరాలకు నగర పోలీసులుండగా షెరీఫ్ ఆఫీసు మనిషి అంత దూరం వెళ్లడమేంటి అనిపిస్తుంది. జైలు షెరీఫ్‌ది, తప్పించుకున్నది ఆయన చేతిలోంచి. అందుకని పరువు కూడా ఆయనదే.

నడుమ ఓ రెండేళ్లు ఆయన రాష్ట్ర కొలువుకు వెళ్లాడు. అంతకుముందు రోడ్ల మీద ట్రాఫిక్ అధికారులు కౌంటీకో తీరుగా ఉండేవారు. 1929లో వాళ్లందర్నీ కలిపి కాలిఫోర్నియా హైవే పెట్రోల్ పెట్టినప్పుడు దానికి మొదటి సూపరింటెండెంట్ ఆయనే. ఇవాళ ఫ్రీవే మీద స్పీడ్ టికెట్ ఇచ్చేది ఆ హైవే పెట్రోలే.

షెరీఫ్ అయ్యాక జైలు విషయంలో చేసిన పనే ఆయన పేరు నిలబెట్టింది. 1938లో నగరానికి ఉత్తరాన కస్టేక్ దగ్గర వేసైడ్ ఆనర్ ఫామ్ మొదలుపెట్టాడు. చిన్న శిక్షలు పడ్డవాళ్లను ఇరుకు గదుల్లో కుక్కకుండా పొలంలో పని చేయిస్తూ, ఎక్కువగా మాట మీద నమ్మి ఉంచే పద్ధతి. ఇక్కడ ఒకటి గమనించాలి. దీనికోసం ఆయన రాజధానిలో ఏ శాఖ మంత్రినీ ఒప్పించనక్కర్లేదు. డబ్బుకు కౌంటీ బోర్డు ఒప్పుకుంటే చాలు, జైలు ఎలా నడపాలన్నది షెరీఫ్ ఇష్టం. మంచి ఆలోచన ఉన్నవాడొస్తే ఆ స్వేచ్ఛ పొలం అవుతుంది. వేరేవాడొస్తే ఏమవుతుందో కింద చూద్దాం.

గీత ఎక్కడ పడుతుంది: సన్‌సెట్ స్ట్రిప్, సముద్రంలో జూదం

షెరీఫ్ పరిధి అర్థం కావాలంటే అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అనే మాట తెలియాలి. కౌంటీలో ఉంటుంది గానీ ఏ నగర పాలికలోనూ ఉండని నేల అది. అక్కడ నగర పోలీసు ఉండడు, షెరీఫే.

సన్‌సెట్ స్ట్రిప్ సంగతే చూడండి. హాలీవుడ్ పక్కన నైట్‌క్లబ్బుల వీధి. అప్పట్లో అది అచ్చంగా అలాంటి నేల. రోడ్డు మీద కొంత దూరం పోతే లాస్ ఏంజలెస్ నగరం అయిపోయి కౌంటీ మొదలయ్యేది. ఆ గీత దాటితే నగర పోలీసుల బెడద తగ్గుతుందని జూదం వ్యాపారులకు బాగా తెలుసు. 1940లలో మిక్కీ కోహెన్ అనే గ్యాంగ్‌స్టర్ మకాం అక్కడే. 1950లో సెనేటర్ కెఫావర్ కమిటీ వ్యవస్థీకృత నేరాల మీద విచారణ చేసినప్పుడు ఆ కౌంటీ నేల మీద నడిచిన పందేల దందా కూడా చర్చకొచ్చింది. బిస్కైలూజ్ వ్యక్తిగత నిజాయతీని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉండేవారు. అదే సమయంలో, ఆయన ఇలాకాలో జూదం అంత ధీమాగా ఎలా సాగిందన్న ప్రశ్నా ఉండేది. రెండూ ఉన్నాయి, ఒకదానికోసం ఇంకోదాన్ని దాచనక్కర్లేదు.

సముద్రం వైపు గీత ఇంకా వింతది. టోనీ కోర్నెరో అనేవాడు 1938లో రెక్స్ అనే ఓడను శాంటా మోనికా తీరానికి మూడు మైళ్లకు అవతల లంగరేసి అందులో జూదశాల పెట్టాడు. జనం పడవ టాక్సీల్లో వెళ్లొచ్చేవారు. రాష్ట్ర అధికారం మూడు మైళ్ల వరకే, తాను దాని బయట ఉన్నాడు, ఇదీ వాడి వాదన. 1939 ఆగస్టులో రాష్ట్ర అటార్నీ జనరల్ ఎర్ల్ వారెన్ (బిస్కైలూజ్ తాతతో సంబంధం లేదు, ఇంటి పేరు కలిసిందంతే) అధికారులను పడవల్లో పంపితే, కోర్నెరో మనుషులు ఫైర్ హోస్‌లతో నీళ్లు చిమ్మి రోజుల తరబడి ఓడ ఎక్కనివ్వలేదు. ఆఖరికి లొంగక తప్పలేదు. అసలు తగువు మూడు మైళ్లు ఎక్కడి నుంచి కొలవాలని. ఒడ్డు నుంచి కొలిస్తే ఓడ బయట ఉంది. అఖాతం రెండు కొసల్నీ కలుపుతూ గీత గీసి అక్కడి నుంచి కొలిస్తే ఓడ లోపలే ఉంది. రాష్ట్ర సుప్రీంకోర్టు రెండో లెక్కే సరైనదని తేల్చింది.

అద్దె పోలీసు: లేక్‌వుడ్ లెక్క

ఇప్పుడు ఆర్టీసియాకి వద్దాం. 1930లో కౌంటీ జనాభా 22 లక్షలు, 1960కల్లా 60 లక్షలు. ఆ పెరుగుదలకు నమూనా లేక్‌వుడ్. బీన్స్ పండే పొలాల్లో 1950 నుంచి మూడేళ్లలో 17,500 ఇళ్లు లేచాయి, జోరు మీదున్నప్పుడు రోజుకు 50. పక్కనున్న లాంగ్ బీచ్ నగరం వాళ్లను కలిపేసుకుందామని చూసింది. లేక్‌వుడ్ జనానికి అది ఇష్టం లేదు. సొంత నగరం పెట్టుకుందామంటే పోలీస్ స్టేషన్, జీపులు, జీతాలు, పెన్షన్లు ఎక్కడినుంచి వస్తాయి?

1954లో దారి దొరికింది. పేరుకు నగరం అవ్వడం, పోలీసు వంటి సేవల్ని కౌంటీ దగ్గర ఏటా ఇంత అని డబ్బు కట్టి తీసుకోవడం. బిస్కైలూజ్ డెప్యుటీలు ఒప్పందం మీద లేక్‌వుడ్ గస్తీకి వచ్చారు. దీన్ని లేక్‌వుడ్ ప్లాన్ అంటారు, ఇలాంటి ఊళ్లను కాంట్రాక్ట్ సిటీలు అంటారు. 1959లో నగరమైన ఆర్టీసియా అదే బాట పట్టింది. ఇవాళ ఆ కౌంటీలో 42 నగరాలకు షెరీఫే పోలీసు.

ఇది మంచిదా కాదా అన్న దాని మీద రెండు వాదాలున్నాయి. చిన్న ఊరికి చవగ్గా పెద్ద బలగం, డిటెక్టివ్‌లు, హెలికాప్టర్లు అందుబాటులోకి వస్తాయి. నిజమే. కానీ ఆ డెప్యుటీ పైఅధికారి మీ మేయర్‌కు జవాబుదారీ కాదు. కౌన్సిల్‌కు నచ్చకపోతే ఒప్పందం రద్దు చేసుకోవడం తప్ప షెరీఫ్‌ను ఏమీ అనలేదు. ఇంటికి కాపలా అద్దెకు తెచ్చుకున్నాం, యజమాని మాత్రం పక్కవాడు. ఇదీ లేక్‌వుడ్ లెక్కలో మిగిలే బాకీ.

1942: స్పానిష్ మాట్లాడే షెరీఫ్ ఆఫీసు నుంచి వచ్చిన రిపోర్టు

పాత కుటుంబం నుంచి వచ్చినవాడు ఊరి జనాన్ని బాగా అర్థం చేసుకుంటాడని స్థానిక ఎన్నికను సమర్థించేవాళ్లు అంటారు. 1942 ఈ వాదానికి గట్టి పరీక్ష.

ఆ ఆగస్టులో స్లీపీ లగూన్ అనే నీటిమడుగు దగ్గర హోసే డియాజ్ అనే యువకుడు చనిపోయాడు. పోలీసులు, డెప్యుటీలు కలిసి వందల మంది మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లను ఎత్తుకొచ్చారు. 22 మందిని ఒకేసారి విచారించి 17 మందికి శిక్ష వేశారు. 1944లో అప్పీలు కోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఈ గొడవ నడుస్తుండగానే షెరీఫ్ ఆఫీసులోని ఎడ్వర్డ్ డ్యురాన్ అయర్స్ అనే అధికారి గ్రాండ్ జ్యూరీకి, అంటే కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందానికి, ఓ రిపోర్టు ఇచ్చాడు. మెక్సికన్లలో అమెరికన్ ఇండియన్ రక్తం ఉంది కాబట్టి చంపాలన్న కోరిక వాళ్లకు పుట్టుకతోనే వస్తుందని దాని సారం. 1943 జూన్‌లో నావికులు వీధుల్లో పడి వదులు సూట్లు వేసుకున్న కుర్రాళ్లను చితకబాదారు.

ఆ రిపోర్టు బిస్కైలూజ్ చేత్తో రాసింది కాదు. కానీ ఆఫీసు ఆయనది. అమ్మమ్మ లోపెజ్, పుట్టిన ఊరు బాయిల్ హైట్స్. ఊరి పాత కుటుంబాలు తమను స్పానిష్‌వాళ్లమని చెప్పుకోవడం, కొత్తగా వచ్చిన కూలీలను మెక్సికన్లనడం ఆ కాలపు రివాజు. పరేడ్‌లో వెండి జీను వేసిన గుర్రం మీద షెరీఫ్ స్వారీ చేస్తే జనం చప్పట్లు కొట్టేవారు, అదే నెత్తురున్న కుర్రాడు కార్నర్‌లో నిలబడితే అనుమానించేవారు. స్థానికుడు అన్నంత మాత్రాన ఏ స్థానికుల వాడన్న ప్రశ్న తీరిపోదు. ఆయన్ను అభిమానించేవాళ్లు ఈ అధ్యాయాన్ని చప్పున దాటేస్తుంటారు. నాకైతే ఆయన జీవితంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఇదే అనిపిస్తుంది.

66 ఏళ్లు, ముగ్గురు మనుషులు

ఎన్నికల పదవి కదా, మరి 26 ఏళ్లు ఎలా ఉన్నాడు? కిటుకు నడుమ దొరికే నియామకంలో ఉంది. షెరీఫ్ మధ్యలో దిగిపోతే మిగిలిన కాలానికి ఇంకొకర్ని బోర్డు నియమిస్తుంది. ఆ మనిషి తర్వాత ఎన్నికకు షెరీఫ్ హోదాలోనే నిలబడతాడు. బిస్కైలూజ్‌కు ముందు షెరీఫ్ విలియం ట్రేగర్ అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు ఎన్నికై వెళ్తే బోర్డు ఆయన కింద ఉన్న బిస్కైలూజ్‌ను కూర్చోబెట్టింది. బిస్కైలూజ్ తర్వాత ఆయన అండర్‌షెరీఫ్ పీటర్ పిచెస్ 1958లో గెలిచాడు. పిచెస్ 1982లో దిగిపోతే బోర్డు ఆయన అండర్‌షెరీఫ్ షెర్మన్ బ్లాక్‌ను నియమించింది. 1932 నుంచి 1998 దాకా 66 ఏళ్లలో ముగ్గురే షెరీఫులు. మన దగ్గర కరణం, మునసబు పదవులు ఇంటి ఆస్తిలా నడిచి 1984లో రద్దయ్యాయి. ఇక్కడ తండ్రి నుంచి కొడుక్కి పోలేదు గానీ, పెద్ద డెప్యుటీ నుంచి చిన్న డెప్యుటీకి పోయింది.

ఈ స్థిరత్వానికి రెండు వైపులా మాటలున్నాయి. రాజకీయ నాయకుల ఒత్తిడికి లొంగకుండా పని చేయొచ్చు. మరోవైపు, తప్పు చేస్తే దించడం చాలా కష్టం. 1998లో వచ్చిన లీ బాకా ఏలుబడిలో జైళ్లలో ఖైదీలను కొట్టడం మీద ఎఫ్‌బీఐ విచారణ జరిగింది, దానికి అడ్డుపడినందుకు 2017లో ఆయనకే మూడేళ్ల జైలు శిక్ష పడింది. పొలం పెట్టిన స్వేచ్ఛే ఇది కూడా చేయగలదన్నమాట. 2018లో అయితే ఉన్న షెరీఫే ఓడిపోయాడు, ఆ కౌంటీలో వందేళ్లలో అలా జరగడం అదే మొదలు. 2022 నవంబర్‌లో ఓటర్లు రెండు పనులు చేశారు. షెరీఫ్‌ను మళ్లీ మార్చారు. సరైన కారణం ఉంటే ఐదుగురు సూపర్‌వైజర్లలో నలుగురు ఒప్పుకుని షెరీఫ్‌ను తొలగించేలా చార్టర్‌నూ సవరించారు. ఉత్తరాన శాన్ మటేయో కౌంటీ ఓటర్లు 2025 మార్చిలో తమ బోర్డుకు అలాంటి అధికారమే ఇచ్చారు, అక్టోబర్‌లో బోర్డు దాన్ని వాడి షెరీఫ్‌ను ఇంటికి పంపింది. జనం ఎన్నుకున్నవాడిని ఐదుగురు తీసేయడం ఏం న్యాయమని కొందరంటారు. ఆ ఐదుగురినీ ఎన్నుకున్నది జనమే కదా అని ఇంకొందరి జవాబు.

పైనుంచి ఆర్డరొస్తే వింటాడా?

మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు, మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. 1997లో మోంటానా షెరీఫ్ ఒకరు వేసిన ప్రింట్జ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం తన పని చేయమని స్థానిక షెరీఫులను బలవంతపెట్టలేదని చెప్పింది. ఆ కేసు తుపాకుల కొనుగోలు తనిఖీ గురించి. ఇమిగ్రేషన్ విషయంలో సహకరించబోమనేవాళ్లు ఇప్పుడు అదే తీర్పును ఎత్తి చూపుతున్నారు. ఆ తీర్పును పట్టుకుని షెరీఫే తన కౌంటీలో అందరికంటే పెద్ద అని చెప్పుకునే షెరీఫులూ ఉన్నారు గానీ కోర్టులు అంతదూరం వెళ్లలేదు.

రాష్ట్ర ప్రభుత్వం సంగతి వేరు. కౌంటీ రాష్ట్రం కింద ముక్క కాబట్టి రాష్ట్ర చట్టం షెరీఫ్‌కు వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇమిగ్రేషన్ అధికారులకు స్థానికులు చేసే సాయాన్ని బాగా కట్టడి చేసింది. టెక్సాస్ 2025లో దానికి తలకిందులుగా, జైలు నడిపే షెరీఫులు ఇమిగ్రేషన్ శాఖతో ఒప్పందం చేసుకోవాలని చట్టం తెచ్చింది. 287-జీ అని వార్తల్లో వినపడేది, ఇమిగ్రేషన్ పని కొంత స్థానిక అధికారులే చేసేలా కుదిరే ఆ ఒప్పందమే. ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టంలో 1996లో చేర్చిన సెక్షన్ నంబర్ అది.

డాలస్ పక్కన మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోను తీసుకోండి. ఆ నగరానికి సొంత పోలీసులున్నారు, కారు ఆపేది మామూలుగా వాళ్లే. కానీ ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. అరెస్టయి కౌంటీ జైలుకు వెళ్లాల్సి వస్తే, వీధికి ఏ పక్కన ఉన్నారన్న దాన్ని బట్టి వేరే షెరీఫ్, వేరే జైలు. మీ ఇంటి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు మీద కౌంటీ పేరుంటుంది. మీ షెరీఫ్ ఎవరో తేల్చేది ఆ పేరే.